లోపలినుంచి తెరుచుకునే కిటికీ

చిన్నీ,

అమ్మ దీవెనలు. నేనూ మీ నాన్నా ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకు తిని, వేళకు నిద్రపోతూ బాగున్నావనే నా నమ్మకం. "బాగానే ఉన్నాం" అన్న మాట ప్రతి ఉత్తరంలోనూ చెయ్యి తనంతట తానే రాసేస్తుంది. ఈసారి మాత్రం రాశాక కలం పక్కన పెట్టి కాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను. అబద్ధమేమీ కాదు కనుక కొట్టేయలేదు.

నీ ఉత్తరం అందింది. ఫోనుండగా ఈ కాగితాలేమిటని హాస్టల్లో నీ గదిలో పిల్లలు నవ్వుతున్నారన్నావు. నవ్వనీ. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, సరే, ఊఁ" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. కాగితం ముందు కూర్చుంటేనే మనసు విప్పుతావు. నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మధ్యలో కంగారుపడి చివరి పేజీకి దూకకు. కథల పుస్తకాలు కూడా వెనకనుంచి చదివే రకానివి నువ్వు, నాకు తెలుసు.

మొదటిది, ఫోన్ చేస్తే ఎత్తకుండా మెసేజీలెందుకు పెడుతున్నానని. గొంతు పట్టేసింది. కొన్నాళ్ళు మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మామూలుగా అయితే మీ నాన్న "ఇన్నాళ్ళకి ఇంట్లో ప్రశాంతత" అని వీధంతా చాటింపు వేసేవారు. ఈసారి ఆ మాట అనలేదు.

రెండోది, ఇక్కడి నీ గది సంగతి. "నా మంచం మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు పడుకుంటున్నారా?" అని అడిగావు. అవును, పడుకున్నారు. పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళు ఒకటి రెండు రాత్రులు తల దాచుకోవడానికి గది కోసం తిరుగుతుంటే, నీ గది ఖాళీగా ఉందని ఇచ్చాం. మన ఇంట్లో మనం ఎవరిని పడుకోబెట్టుకుంటే ఎవరికేం అనుకున్నాం. ఎదురింటి దర్జీ వచ్చి చెబితే కదా తెలిసింది, రోజుల లెక్కన గది అద్దెకివ్వాలంటే నగరపాలక సంస్థ అనుమతి ఉండాలని, లేకపోతే గదికి తాళం పడుతుందని! మీ నాన్న లబోదిబోమంటూ ఆఫీసుకి పరిగెత్తారు.

ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చారు. పట్టపగలు కూడా చేతిలో టార్చి. మంచం కిందా, బీరువా వెనకా, స్విచ్చుబోర్డు పక్కనా వేసి చూశారు. మేం ఆవిడకి టార్చి మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. ఇంటివాళ్ళు అదే ఇంట్లో ఉండాలట, మనం ఉన్నాం. గదిలో ఇద్దరికి మించి పడుకోకూడదట, సరేనన్నాం. రాత్రిళ్ళు గోల ఉండకూడదు, ఏదైనా అయితే పిలవడానికి మన నంబరు ఇరుగుపొరుగుల దగ్గర ఉండాలి. కప్పుకి పొగ అలారం బిగించాలి, మెట్ల పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు పెట్టాలి. అన్నీ చేశాం. అలారం పరీక్షించినప్పుడల్లా మీ నాన్న చెవులు మూసుకుని "నీకు తోడు దొరికిందే" అనేవారు. సిలిండరు కొత్తదనం పోతుందని దానిమీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

పేచీ అంతా కిటికీ దగ్గరే వచ్చింది. టార్చి మేడమ్ మన గ్రిల్లు పట్టుకుని ఊపి చూశారు. అది ఊగితే కదా.

"ఈ గ్రిల్లు తెరుచుకోవాలండీ," అన్నారు.

మీ నాన్న మొహం చూడాల్సింది. ఊళ్ళో సగం కిటికీలకి గ్రిల్లు చేసిన మనిషి. "గ్రిల్లు తెరుచుకోవడమేంటమ్మా? తెరుచుకోకుండా ఉండడానికేగా పెట్టేది! దొంగ మూడు రాత్రులు కూర్చుని పీకినా నా చువ్వ కదలదు."

"దొంగకి తెరుచుకోకూడదు. లోపలున్నవాళ్ళకి తెరుచుకోవాలి."

"అయితే తాళం పెట్టి, చెవి మేకుకి తగిలిస్తా."

"పొగలో మేకెక్కడుందో తడుముకుంటారా? తాళంచెవి లేకుండా, చీకట్లో, చిన్నపిల్లలైనా తీసుకుని బయటపడాలి. లేదంటే ఈ గదిలో ఎవరూ పడుకోవడానికి వీల్లేదు."

"మా అమ్మాయి పుట్టినప్పటినుంచీ ఈ గదిలోనే పడుకుంది," అన్నారు మీ నాన్న కోపంగా. ఆవిడ టార్చి ఆర్పేసి బయల్దేరారు.

ఆవిడ వెళ్ళాక సణిగి సణిగి, చివరికి గ్రిల్లు ఊడదీసి, ఒక పక్క బందులూ ఇంకో పక్క లోపలికి గడియా పెట్టి తలుపులా తయారుచేశారు. గడియ తిప్పి తోస్తే కింద మన వెల్డింగ్ షెడ్డు రేకుల మీద కాలు పెట్టొచ్చు. టార్చి మేడమ్ మళ్ళీ వచ్చి, తెరిచి, మూసి, మెచ్చుకుని వెళ్ళారు. అనుమతి పత్రానికి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాం. నీకు ఫోటో కూడా పంపాను కదా.

మూడోది, నువ్వు అడిగిన గ్రిల్లు. మీ హాస్టల్ గది కింది అంతస్తులో ఉందని, ఎవరో చెయ్యి పెట్టి కిటికీలోంచి తువ్వాలు లాక్కుపోయారని, భయంతో నిద్ర పట్టడం లేదని, "మన ఇంట్లో లాంటిదే, అంత గట్టిదే నాన్నని చేసి పంపమను" అని రాశావు. ఆ ముక్క నేను చదివి వినిపించలేకపోయాను, గొంతు లేదుగా. ఆయన చేతికిచ్చాను. "మన ఇంట్లో లాంటిదే" అన్న చోట ఆగిపోయారు. కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టేసి, బయటికెళ్ళి షెడ్డు గుమ్మంలో కూర్చున్నారు. ఎందుకో చెప్పాలంటే, ఇంతవరకూ దాచిన సంగతి చెప్పక తప్పదు. నేను బాగానే ఉన్నానని ముందే రాశాను. అది గుర్తుపెట్టుకుని చదువు.

అనుమతి వచ్చాక, పక్క వీధిలో దొంగలు పడ్డారని గుప్పుమంది. మీ నాన్నకి నిద్ర కరువైంది. "అద్దెకొచ్చినవాళ్ళ సామాను పోతే మన పరువేం కాను? చేజేతులా కిటికీకి గుమ్మం పెట్టాను" అని ఒకటే గొణుగుడు. ఒకరోజు మధ్యాహ్నం మిషను పైకి తెచ్చి, గ్రిల్లుని చట్రానికి మళ్ళీ వెల్డింగ్ చేసేశారు. గడియ మాత్రం అలాగే ఉంచారు, టార్చి మేడమ్ వస్తే కనబడాలిగా. అతుకులు తెలియకుండా నున్నగా అరగదీసి రంగు వేశారు. రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డది నేనే. "ఎంత వెతికినా కనబడదు, మీ చేతిలో ఏదో ఉంది" అని మెచ్చుకున్నాను కూడా.

ఆ తరువాత చాలా రోజులకి, చెవి ఆపరేషన్ కోసం ఒకావిడ చిన్న కొడుకుని తీసుకుని సాయంత్రానికి వస్తున్నానని కబురు పెట్టింది. నేను గది సర్దుతూ దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. మడతపెట్టినవన్నీ గుమ్మం పక్కన కుర్చీ మీద వేస్తున్నాను. ఆ కుర్చీ కిందే ఎక్స్‌టెన్షన్ బాక్సు. చిటపటమంది. తిరిగి చూసేసరికి కింద వేలాడే దుప్పటి అంచు అంటుకుంది, దాన్నుంచి తలుపు కర్టెను. నేను అటు అడుగు వెయ్యడానికి లేకపోయింది. అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది.

భయపడలేదే, నిజం చెబుతున్నా. కిటికీ ఉందిగా అనుకున్నాను. వెళ్ళి గడియ తిప్పాను. హాయిగా తిరిగింది. తోశాను. కదల్లేదు. అటు తిప్పాలేమో అని అటు తిప్పాను. మళ్ళీ తోశాను. రంగు డబ్బా పట్టుకున్న మనిషిని, నాకా సంగతే గుర్తు రాలేదు!

అలారం విని మీ నాన్న నిచ్చెన వేసుకుని రేకుల మీదకి ఎక్కొచ్చారు. మా ఇద్దరి మధ్యా చువ్వలే అడ్డం. "గడియ తియ్యవే! గడియ తియ్యి!" అని అరుస్తున్నారు. ఆయనకీ గుర్తు లేదు. "తీశానండీ" అన్నాను. గడియ వంక చూశారు. నా మొహం వంక చూశారు. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, ఒక్కసారే. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం నేను ఇంకెప్పుడూ చూడకూడదు చిన్నీ. పొగ కన్నా నాకు అదే ఎక్కువ గుర్తుంది.

రెండు చేతులతో పట్టుకుని లాగారు. కాలు గోడకి తన్నిపెట్టి లాగారు. ఆయన చేసిన గ్రిల్లు, కదులుతుందా? కిందకి దూకి కటింగ్ మిషను తెచ్చారు. అయితే ఎక్కడ కొయ్యాలి? అతుకులు కనబడితేగా. వేళ్ళతో చట్రమంతా తడుముతున్నారు. "ఎక్కడేశానే? ఎక్కడేశాను?" అని నన్నడుగుతున్నారు. నాకు దగ్గు తప్ప మాట రావడం లేదు. చివరికి అతుకులొదిలేసి చువ్వలే కోశారు. నిప్పురవ్వలు నా చేతుల మీద పడుతుంటే "మొహం తిప్పుకో, మొహం తిప్పుకో" అని ఏడుస్తూనే కోశారు. ఆ సందులోంచే నన్ను రేకుల మీదకి లాగారు. ఈలోపు దర్జీ మన ఇంట్లోకి దూసుకొచ్చి, ఆ సిలిండరు ప్లాస్టిక్ కవరు పళ్ళతో చింపి, గుమ్మం వైపునుంచి మంట ఆర్పాడు. అయినా మంట ఆరేదాకా ఆ పొగలోనే ఉంటే నేను బతికేదాన్ని కాదని డాక్టరు చెప్పారు. చేతుల మీద మచ్చలు పోతాయట. గొంతు మెల్లగా వస్తుందట. నీ పుస్తకాలు హాల్లో ఉన్నాయి కాబట్టి క్షేమం. మంచం మాత్రం లేదు.

ఆ సాయంత్రం ఆ తల్లీ కొడుకులు సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మీ నాన్న ఆ పిల్లవాణ్ణి చూసి గోడకి చేరబడిపోయారు. వాళ్ళు వచ్చాక, నిద్రపోయాక ఇది జరిగి ఉంటే! నేను ఇప్పటికీ ఆ ఆలోచనని పూర్తిగా ఆలోచించలేను. దర్జీ వాళ్ళని తన ఇంట్లో పడుకోబెట్టాడు. పిల్లవాడి ఆపరేషన్ బాగా జరిగిందట.

నేను కాస్త లేచి తిరగగానే ఇద్దరం నగరపాలక సంస్థ ఆఫీసుకి వెళ్ళాం. నాకు గొంతు లేదు. నిజం చెప్పినా, బొంకినా ఆయన నోటితోనే రావాలి. గడియ పట్టేసిందని చెప్పి ఉంటే ఎవరూ కనిపెట్టేవారు కాదు. ఆయన టార్చి మేడమ్ ఎదురుగా నిలబడి, "మీరు వెళ్ళాక నేనే మళ్ళీ అతికించానమ్మా. మీకు కనబడకూడదని రంగు వేశాను," అన్నారు.

ఆవిడ చేతిలో టార్చి బల్ల మీద పెట్టారు. తరువాత నా కట్లు చూసి, "అనుమతి రద్దు చేస్తున్నాను. చెయ్యక తప్పదు," అన్నారు. "చెయ్యండి," అన్నారు ఈయన. "మీరు చేసిన గ్రిల్లుల్లో లోపలినుంచి తెరుచుకునేవి ఎన్ని ఉంటాయి?" అనడిగారు ఆవిడ.

"ఒక్కటీ లేదమ్మా," అన్నారు మీ నాన్న. అని, ఆ మాట తన చెవినపడ్డాక అక్కడే బెంచీ మీద కూలబడ్డారు. నాకూ అప్పుడే తట్టింది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎన్ని గదులు, ఎంతమంది పిల్లలు! దారంతా ఆయన ఒకటే అన్నారు: "మన చిన్నీని ఇన్నేళ్ళూ అందులో పెట్టి, భద్రంగా ఉందని నిద్రపోయానే."

మీ నాన్న నీతో ఎందుకు మాట్లాడటం లేదో అర్థమైందా? నీ మీద అలిగి కాదు.

ఇప్పుడు పొద్దున్నే మిషను భుజాన వేసుకుని తను గ్రిల్లు బిగించిన ఇళ్ళకి వెళుతున్నారు. కోసి, బందులూ గడియా పెట్టి ఇస్తానంటున్నారు. కొందరు రానిస్తున్నారు. కొందరు "దొంగ కూడా కదపలేడని మీరేగా చెప్పింది, ఇప్పుడు మీరే కోస్తారా?" అని తలుపేస్తున్నారు. ఆ గుమ్మాల దగ్గరికి మర్నాడు మళ్ళీ వెళుతున్నారు, నా చేతులు చూపించడానికి నన్ను వెంటబెట్టుకుని. నేను మాట్లాడకుండా చేతులు చాపుతాను. అప్పుడు తలుపు తీస్తున్నారు.

నీ గ్రిల్లు తయారైంది. చెయ్యి పట్టే సందు లేకుండా దగ్గర చువ్వలు వేశారు, ఇక నీ తువ్వాలు ఎవరూ లాగలేరు. గడియ లోపలికి. నిన్న దాన్ని షెడ్డులో చట్రానికి బిగించి, నా కళ్ళకి గుడ్డ కట్టి, చుట్టూ తిప్పి వదిలి "తియ్యి" అన్నారు. తీశాను. నమ్మలేదు. మళ్ళీ కట్టారు, మళ్ళీ తీశాను. తడి చేత్తో తియ్యమన్నారు, ఎడమచేత్తో తియ్యమన్నారు. తెరుచుకున్న ప్రతిసారీ నా భుజం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. పార్సిలు ఈ ఉత్తరంతోనే బయల్దేరుతుంది. బిగించాక గడియ మీద రంగు కూడా వెయ్యనివ్వకు.

ఇట్లు,
కళ్ళు మూసుకుని నీ కిటికీ తెరిచిన
మీ అమ్మ

(ఈ కింది మాట మీ నాన్న రాస్తానంటే కలం ఇచ్చాను.)

చిన్నీ, ముందు లైటు ఆర్పేసి తీసి చూడు. తెరుచుకుందని ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను.