మీ నాన్న ఎంచిన స్కీలు

లెటర్‌కెన్నీ,
మార్చి 2021, ఆదివారం.

నా బంగారు తల్లి ప్రిస్కిల్లాకు,

అమ్మ బోలెడన్ని ముద్దులతో రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మా తరానికి అలవాటు. ఆ ‘అందరం’ దగ్గర కాసేపు ఆగిపోయాను. ఇక్కడ నేను క్షేమం. అక్కడ ఆస్ట్రియాలో, ఆ ఇన్స్‌బ్రుక్ చలిలో నీ దగ్గు పూర్తిగా తగ్గిందని, వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అయితే ఇద్దరం ఏడుస్తాం, లేదంటే ఇద్దరం ఊరుకుంటాం, అందుకే రాస్తున్నానన్నావు. మంచి పని చేశావు. చిన్నప్పుడు బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దిస్తుంటే నా మీద ఎంత విసుక్కునేదానివో! ఇప్పుడు ‘ళ’ దగ్గర తప్ప ఎక్కడా తడబడలేదు. నాన్న ఉంటే ఆ ఉత్తరం పట్టుకుని హోటల్‌లో తన తోటి పనివాళ్లందరికీ చూపించేవాడు, వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

నేను హాస్పిటల్‌కి డ్యూటీకి వెళ్తున్నానా అని అడిగావు. వెళ్తున్నాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదకు వస్తున్నట్టుంది. నన్ను మాత్రం నాన్న ఉన్న ఆ కోవిడ్ వార్డుకు వేయడం లేదు. మా సిస్టర్ ఇన్‌చార్జి నాతో ఏమీ అనకుండానే ఆ ఏర్పాటు చేసేసింది. వ్యాక్సిన్ రెండో డోసు కూడా అయింది. తిండి సంగతి అడిగావు. మన సంఘం లాజరస్ అంకుల్ వాళ్లు ఇంకా గుమ్మం దగ్గర గిన్నె పెట్టి, బెల్లు కొట్టి, గేటు దాకా వెనక్కి వెళ్లి నిలబడుతున్నారు. అక్కడి నుంచే గట్టిగా ‘‘అక్కా, పప్పులో ఉప్పు తక్కువైందేమో చూసుకో’’ అని అరుస్తాడు. వానలో తడుస్తూనే మాట్లాడతాడు. లోపలికి రమ్మనలేను, వెళ్లమని చెప్పలేను. పక్కింటి ఐరిష్ ఆవిడ చెత్తబుట్ట బయట పెట్టినప్పుడల్లా ఎలా ఉన్నావంటుంది. ‘గ్రాండ్’, బాగానే ఉన్నాను అంటాను. ఈ ఊళ్లో దానికి మరో జవాబు లేదు కదా.

సమాధి దగ్గరికి వెళ్తున్నానా అన్నావు. మొన్న వెళ్తుంటే లాక్‌డౌన్ తనిఖీ దగ్గర గార్డులు ఆపారు. ఐదు కిలోమీటర్లు దాటి ఎక్కడికమ్మా అని అడిగాడు ఓ కుర్ర పోలీసు. చెప్పాను. టోపీ తీసి, ‘‘సారీ ఫర్ యువర్ ట్రబుల్’’ అని ఇక్కడివాళ్ల పద్ధతిలో పరామర్శించి కారుకు దారిచ్చాడు. సమాధి రాయి ఇంకా వేయించలేదు. మట్టి కుదురుకోవాలట. నువ్వు ఫోన్ తెరమీద చూసిన పూలదండలన్నీ వాడిపోతే తీసేశాను. పదిమందే ఉన్న ఆ సమాధి కార్యక్రమాన్ని నువ్వు ఒక్కదానివి, జ్వరంతో, తలుపు దాటకూడని గదిలో కూర్చుని చూశావు. అది తలుచుకుంటే నా బాధ నాకు చిన్నగా కనిపిస్తుంది. జబ్బు ఇంటికి నా డ్యూటీ నుంచే వచ్చిందా అని నువ్వు ఈనాటికీ అడగలేదు. అడగనందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియదు.

ఇక నీ చివరి ప్రశ్నలు. వాటికోసమే ఇంతసేపూ ఆ మాటా ఈ మాటా రాస్తూ వచ్చాను.

క్రిస్మస్ ముందు నువ్వు నాన్నకు మూడు జతల స్కీల, ఆ మంచు మీద జారే చెక్కల, ఫొటోలు పంపి, వీటిలో ఏది కొనమంటారని అడిగావు. ఆయన జవాబు చెప్పకుండానే జబ్బుపడ్డాడు. ‘‘డాడీ నా స్కీల గురించి ఏమైనా అన్నారా? అనకపోతే ఇంక నేను స్కీయింగ్ మానేస్తాను, బూట్లు కూడా ఎవరికైనా ఇచ్చేస్తాను’’ అని రాశావు. ఆ కిందనే, నాన్న ప్రార్థన చేస్తూ కళ్లు మూసుకున్నారని లాజరస్ అంకుల్ చెప్పాడు, నిజమేనా అని అడిగావు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఎందుకు ఆలస్యమైందో చెబుతాను.

నీకు తెలుసు, ఆ స్కీలంటే నాకు మొదటినుంచీ పడదు. చీరాల ఎండలో పెరిగిన మీ నాన్న, ముప్పై ఏళ్లు దాటేదాకా మంచు మొహం చూడని మనిషి, హోటల్‌లో ఎవరో తీసుకెళ్లారని సరిహద్దు అవతల నార్తర్న్ ఐర్లండ్‌లో ప్లాస్టిక్ చాపలు పరిచిన కొండ మీద జారడం నేర్చుకోవడం ఏమిటి! తను నేర్చుకున్నది చాలక, పాలపళ్లు ఊడని నిన్ను కూడా శనివారాలు లాక్కెళ్లేవాడు. నేను కింద కారులో ఫ్లాస్కు పట్టుకుని కూర్చునేదాన్ని. మోచేతులు గీరుకుని వచ్చి ‘‘మమ్మీ, అయామ్ గ్రాండ్’’ అనేదానివి. తర్వాత నిజమైన మంచు కొండలు, ఆ పైన ఈ మధ్య నీకు కొత్తగా పట్టుకున్న పిచ్చి: అందరూ జారే చదును చేసిన దారి వదిలేసి, ఎవరూ తొక్కని మెత్తటి మంచులోకి, చెట్ల మధ్యకు వెళ్లడం. ఫిబ్రవరిలో మీ వైపు కొండల్లో మంచు చరియలు విరిగిపడ్డాయని వార్తల్లో విన్నప్పుడు టీవీ ఆపేశాను.

నాన్న వార్డులో ఉండగా నా బ్రేక్ టైమ్‌లో కాసేపు వెళ్లి చూడటానికి ఒప్పుకున్నారు. గౌను, మాస్కు, కళ్లద్దాలు అన్నీ తగిలించుకుని వెళ్లేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం వెళ్లేసరికి ఆయన మొహానికి బిగుతుగా పెట్టిన ఆక్సిజన్ మాస్కుతో కూర్చుని ఉన్నాడు. సాయంత్రంలోగా ఐసీయూకి మార్చి గొంతులో ట్యూబు వేస్తామని డాక్టర్లు చెప్పేశారు. నేను మంచం పక్కన కూర్చోగానే మాస్కు పక్కకు లాగాడు.

‘‘మార్తా, ప్రిస్సీకి చెప్పాలి. మధ్య జత.’’

నాకు అర్థం కాలేదు. ఏ జత అన్నాను.

‘‘స్కీలు. మధ్యలో తొంభై ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుది. నూటపన్నెండుది వద్దు. అంత వెడల్పుది లోతు మంచులో తేలుతుంది కానీ, తిరిగొచ్చేటప్పుడు గట్టి మంచు మీద పిల్ల మోకాళ్లు పోతాయి.’’

నేను మాస్కు మళ్లీ పెట్టాను. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె పడిపోతోంది. అది కొంచెం పైకి లేచేదాకా ఆగి, మళ్లీ లాగేశాడు. ట్రేలో గొంతు చూడటానికి వాడే చెక్కపుల్ల ఉంటే తీసి రెండు వేళ్ల మధ్య వంచి చూపించాడు.

‘‘ఇంత బిగువుగా ఉండేది భారీ మనుషులకు, బరువైన వాళ్లకు. మనది యాభై ఐదు కేజీల పిల్ల. వంగాలి. ముందు కొస మెత్తగా, కాలి కింద గట్టిగా. మధ్యరకం అని చెప్పు.’’

‘‘మాట్లాడకండి’’ అన్నాను.

‘‘మలుపు వ్యాసార్థం పద్దెనిమిది మీటర్లు. ఇరవై నాలుగైతే వేగంగా వెళ్తేనే తిరుగుతుంది. చెట్ల మధ్య అంత వేగం వద్దు. రాసుకో.’’

పేపర్ టవల్ మీద రాసుకున్నాను. ఆ గదిలోని కాగితం బయటికి తీసుకెళ్లకూడదు, బిన్‌లో వేసి రావాలి. అది గుర్తొచ్చి, బట్టీ పట్టాను. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన బలహీనంగా ఉన్నాడు కదా, ఇప్పుడైనా నా మాట వింటాడనుకున్నాను.

‘‘ఆ సన్నవి కొనమని చెబుదామండీ, ఎనభై నాలుగువి. అవైతే చదును చేసిన దారి మీదే ఉంటుందని మీరే ఒకసారి అన్నారు. దాన్ని ఆ చెట్లలోకి పోనివ్వకండి.’’

ఆయన తల అడ్డంగా ఊపాడు. ‘‘సన్నవి కొంటే వెళ్లకుండా ఉంటుందా? సన్నవాటితోనే వెళ్తుంది. మెత్తటి మంచులో కూరుకుపోతుంది. అది ఇంకా ప్రమాదం.’’

‘‘మీరు చెబితే మానేస్తుంది.’’

‘‘నేను చెప్పను.’’

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది, ప్రిస్కిల్లా. నేను భార్యగా వచ్చాను. మా ఇద్దరి గురించి ఒక్క మాట అంటాడని, నా చెయ్యి పట్టుకుంటాడని, కలిసి ప్రార్థన చేసుకుంటామని వచ్చాను. ఈ మనిషి స్కీల కొలతలు చెబుతున్నాడు. ‘‘ఉన్న కాస్త ఊపిరీ ఆ చెక్కల మీద ఖర్చు పెడతారా?’’ అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క బెడ్ దగ్గరున్న నర్సు తిరిగి చూసింది.

‘‘మరి దేని మీద పెట్టమంటావ్?’’ అన్నాడు.

‘‘ప్రార్థన చేద్దాం’’ అన్నాను.

‘‘చేద్దాం. ముందు చదివి వినిపించు, సరిగ్గా రాశావో లేదో.’’

చదవలేదు. ఆ టవల్ ఉండచుట్టి బిన్‌లో పడేశాను. ‘‘మీ మొండితనం మీతోనే పోతుంది’’ అన్నాను. సరిగ్గా ఆ మాటే అన్నాను. అప్పుడే మత్తుమందు డాక్టరు, ఇద్దరు నర్సులు లోపలికి వచ్చారు. నన్ను కాసేపు బయట ఉండమన్నారు. బయటికి వచ్చి గౌను విప్పుతూ కూడా నేను కోపంగానే ఉన్నాను. ఆయన నా వైపు చూశాడో లేదో చూడలేదు. ఆ తర్వాత ఆయన కళ్లు తెరవలేదు.

ప్రార్థన జరగలేదు తల్లీ. లాజరస్ అంకుల్ అడిగినప్పుడు, ప్రార్థన చేస్తూ నిద్రలోకి వెళ్లారని చెప్పాను. అంకుల్ జూమ్‌లో సంఘం అందరికీ చెప్పాడు. వాళ్లందరికీ అది ఆదరణగా ఉంది. నీక్కూడా అలాగే ఉండనిద్దామనుకున్నాను. కానీ నువ్వు సూటిగా అడిగావు.

ఆలస్యానికి అసలు కారణం అది కూడా కాదు. మానేస్తానని నువ్వు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు లోపల సంతోషం వేసింది. ‘ఏమీ అనలేదమ్మా’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, నువ్వు ఇంక ఏ కొండా ఎక్కవు. ఆ టవల్ లేదు. ఆ కొలతలు విన్నవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరు. మూడుసార్లు అలా రాసిన ఉత్తరం మడిచి కవరులో పెట్టాను కూడా. ఒకసారి పోస్టాఫీసు దాకా వెళ్లాను. లైనులో నా ముందున్నావిడ దూరం పాటించమని నేల మీద అంటించిన గుర్తు మీద నిలబడి ఉంది. ఆమె ముందుకు జరిగింది. నేను జరగలేదు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

ఆయన ఊపిరి నీకోసం పెట్టాడు. అది నేను దాచుకుంటే నాకేం మిగులుతుంది?

కాబట్టి చెబుతున్నాను, సరిగ్గా విను. వెడల్పు తొంభై ఎనిమిది. మలుపు పద్దెనిమిది మీటర్లు. బిగువు మధ్యరకం, ముందు కొస మెత్తగా, కాలి కింద గట్టిగా. సన్నవి వద్దన్నాడు, బాగా వెడల్పువి వద్దన్నాడు. నేను మాత్రం ఇప్పటికీ అసలు వద్దనే అంటాను. ఆయన మాట విన్నా, నా మాట విన్నా నీ మీద నాకు కోపం ఉండదు. నువ్వు కొంటే ఆ రోజు నాకు చెప్పకు అని రాయబోయాను. వద్దు, చెప్పు. వెళ్లే ముందు కూడా చెప్పు. పగలంతా డ్యూటీలో ఎలా గడుపుతానో నాకు తెలియదు, అయినా చెప్పు. కొండ దిగగానే ఫోన్ చెయ్యి. నేను ఎత్తి ఏమీ మాట్లాడలేకపోతే పెట్టేయకు, కాసేపు లైనులో ఉండు.

ఇట్లు,
నిన్ను దేవుని చేతికి అప్పగించి, భయాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకున్న
మీ అమ్మ,
మార్తా.