నువ్వు గీసిన చెల్లెలు

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ దీవెనలు. మీ నాన్న క్షేమం. నా సంగతి చదివితే నీకే తెలుస్తుంది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. అలాగే ఉంది. నువ్వు మనుషుల్ని గీసిన ఆ వీడియో ఆట చూశావా అని అడిగావు. చూశాను. ఎదురింటి కోడలు పిలిచి టీవీలో పెట్టింది. "మీవాడు గీసిన బొమ్మేనట కదా పిన్నిగారూ, ఎంత బాగుందో!" అంది. చూస్తే కత్తి పట్టుకుని నీ చెల్లెలు. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క గోక్కుంటోంది. అచ్చం అది మన గుమ్మంలో నిలబడినట్టే. అంతలో ఎవడో గొడ్డలితో నరికాడు. కేక పెట్టాను. ఎదురింటి పిల్ల నవ్వి, "ఏం కాదులెండి, మళ్ళీ లేస్తుంది" అంది.

లేచింది. నరికారు. మళ్ళీ లేచింది. మనది లేవలేదురా.

అది పోయాక రోజూ ఫోన్ చేసేవాడివి. కోపమొస్తే చెల్లి పెదవి ఎలా బిగించేది, పరిగెత్తితే జడ ఎటు ఊగేది, నవ్వితే ఏ పన్ను కనబడేది అని. వీడికి చెల్లెలంటే ఎంత ప్రాణమో అనుకుని ఏడుస్తూ చెప్పాను. నువ్వక్కడ కొలతలు తీసుకుంటున్నావు. దర్జీ అయినా ఎందుకో చెప్పి కొలుస్తాడు.

మీ ఆఫీసులో చప్పట్లు కొట్టారని రాశావు. కొట్టరా మరి, వాళ్ళ బిడ్డ కాదుగా. ఇప్పుడు రెండో ఆటకి నా ఫోన్లో ఉన్న దాని గొంతు పంపాలా? దెబ్బ తగిలినప్పుడు అరవడానికా? పంపను. జ్వరంలో అది అరిచిన అరుపు నేను విన్నాను. నువ్వు వినలేదు, ఆ రోజు నీకు పని ఉంది.

ఆ మొహం తీసెయ్. కావాలంటే నాది పెట్టుకో, ఎంత నరికినా అడగను.

ఈ మాట రాయకూడదనుకున్నాను. ఎదురింటికి రోజూ వెళ్తున్నాను. "ఏమీ నొక్కకమ్మా, ఊరికే ఉంచు" అంటాను. ఎవరూ లేని ఒక గుమ్మం దగ్గర అది నిలబడి ఉంటుంది. ఊపిరి పీలుస్తుంది, భుజాలు కదులుతాయి. "పిన్నిగారూ, మా ఆయన వచ్చే వేళైంది" అని ఆ పిల్ల అనేదాకా చూస్తూ కూర్చుంటాను. క్షమించాననుకోకు. అంత బాగా గీశావనే నాకు ఎక్కువ కోపం.

అయినా తీసెయ్. ఏ రోజు తీస్తావో మాత్రం నాకు చెప్పకు. ఆ కబురు ఒకసారి విన్నాను, చాలు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ