పిడుగును కూర్చోబెట్టిన పీరియడ్

చిరంజీవి పిడుగుకు,

అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. వాటిని అందరిలో కలపడం ఎప్పుడో మానేశాను.

నీ ఉత్తరం అందింది. అక్షరాలన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయంటే నడుము ఇంకా పట్టేసే ఉందన్నమాట. రోజూ అరగంట ఒళ్లు వంచకపోతే ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు డ్రాయింగ్ బల్ల ముందు కూర్చోలేవని డాక్టరు చెబితే, "ఇరవై ఏళ్లు బడికి టైమ్‌టేబుల్ వేసినదానివి, ఆ అరగంట ఎక్కడుందో నువ్వే చూపించు" అని నాకు సవాలు విసిరావు. సరే, నువ్వు పంపిన కాలేజీ టైమ్‌టేబుల్ ముందేసుకుని పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఒక్కచోట అరగంట నిజంగానే లేదు. మీ కాలేజీవాళ్లు తిండికి కూడా జాలిపడి టైము ఇచ్చినట్టున్నారు. కానీ ముక్కలున్నాయి. పొద్దున్నే బస్సు కోసం నిలబడే బదులు తరువాతి స్టాపు దాకా నడువు. క్లాసు నాలుగో అంతస్తులో కదా, లిఫ్టు ముందు ఫోను చూసుకుంటూ నిలబడే టైములో మెట్లెక్కేయొచ్చు. ప్రింట్ల షాపులో నీ డ్రాయింగులు బయటికొచ్చేదాకా గోడకు చేతులానించి ఒళ్లు సాగదియ్యి. షాపతను నవ్వితే నవ్వనీ, నడుము నీది.

అమ్మకు చెప్పావా అని అడిగావు. చెప్పలేదు. చెబితే మంచం తెచ్చి నీ హాస్టల్ గదిలో వేసుకుంటుంది. తాతయ్య కుక్కను తిప్పుతున్నారా అన్నావు. కుక్కే తాతయ్యను తిప్పుతోంది.

ఇక చివర్లో రాశావు చూడు, "నా ఒళ్లే అంత అమ్మమ్మా, మొదటినుంచీ ఆటలకు పనికిరాని ఒళ్లు" అని. అక్కడ కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. దానికి జవాబు నిలబడి రాస్తున్నాను, ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టుకుని. తప్పు చేసిన పిల్లలను ముప్పై ఏళ్లు నిలబెట్టాను. ఇప్పుడు నా వంతు.

నువ్వు మా బడిలోనే తొమ్మిది, పది చదివేటప్పుడు ఆటల పీరియడ్ గంట కొట్టగానే నేను లెక్కల పుస్తకంతో మీ క్లాసుకు వచ్చేదాన్ని. "డ్రిల్ మాస్టారికి ఆఫీసులో పనుందట" అనేదాన్ని. ఆయనకు ఏ పనీ ఉండేది కాదు. మెడలో విజిలు వేసుకుని స్టాఫ్‌రూములో గోడకేసి చూస్తూ కూర్చునేవారు. టైమ్‌టేబుల్ నా చేతిలో ఉంది, నీకు మొదటి ర్యాంకు రావాలన్న ఆశ కడుపులో ఉంది. ర్యాంకు వచ్చింది. దానికోసం నలభైమంది పిల్లల ఆటను కాజేశాను. నిన్ను కూర్చోబెట్టింది నీ ఒళ్లు కాదు, నేను.

నిన్న మాస్టారి ఇంటికి వెళ్లాను. తలుపు తీస్తూనే, "రండి టీచరుగారూ! ఈసారి ఏ పీరియడ్ పట్టుకెళ్దామని?" అన్నారు. పడాల్సిన మాటే, పడ్డాను. నీ సంగతి చెప్పాను.

"ఆ పిల్లా? ఎనిమిదో క్లాసులో బడి గోడ ఒంటిచేత్తో దూకేది. గేటు తెరిచే ఉంది కదమ్మా అన్నా వినేది కాదు. పనికిరాని ఒళ్లని ఎవరన్నారు?"

"తనే అనుకుంటోంది" అన్నాను.

ఆయన నన్ను కూర్చోమన్నారు. తరువాత, "ఆదివారం పొద్దున ఆరింటికి నాకు ఫోన్ చెయ్యమనండి. డాక్టరు ఏం చెయ్యమన్నారో అడిగి, అది ఫోన్‌లోనే చెబుతూ చేయిస్తాను. మీరు మాత్రం ఆ టైములో చదువుకుంటున్నావా అని ఫోన్ చెయ్యకండి" అన్నారు.

చెయ్యను.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రావాలి. కానీ వెంటనే జవాబు రాయకు, దానికి మళ్లీ కూర్చోవాలి. చెప్పులేసుకుని నన్ను తిట్టుకుంటూ వీధి చివరిదాకా నడువు. అప్పటికీ తీరకపోతే పక్క వీధి కూడా తిరుగు. నా మీద కోపం చాన్నాళ్లు ఉన్నా ఫరవాలేదు తల్లీ, రోజూ కాస్త కాస్తగా నడిచి తీర్చుకో.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ అమ్మమ్మ