పన్నెండు రోజుల్లో బాత్రూమ్

మార్చి 3, ఆదివారం. ఉదయం 7.15
ఈ రోజు నుంచి బాత్రూమ్ పని మొదలు. చేసేది నేనే. మేస్త్రీని పిలవను. ఎవరినీ సలహా అడగను. పన్నెండు రోజుల్లో ముగిస్తాను. రాసి, కింద సంతకం కూడా పెడుతున్నాను.

కారణం: నాన్న. తుంటి ఆపరేషన్ అయి నెల దాటింది. అన్నయ్య ఇంట్లో ఉన్నాడు. రోజూ ఒక ఆయా వచ్చి స్నానం చేయిస్తోంది. నిన్న ఫోన్లో, "నలభై ఏళ్ళు అందరికీ బాత్రూములు కట్టినవాణ్ణి. ఇప్పుడు నా వీపుకి ఎవరో సబ్బు రాస్తున్నారమ్మాయ్" అన్నాడు. వెంటనే ఎండల గురించి మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

పదిహేనో తేదీన మా ఇంటికి వస్తున్నాడు. ఒక్కడే లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, స్నానం చేసి రావాలి. నాకు కావలసింది అంతే.

చేయాల్సినవి:
గడప తీసేయడం (కాలు ఎత్తలేడు).
నేలకి కాలు జారని టైల్స్.
పట్టుకోవడానికి గోడకి కడ్డీ.
కూర్చోవడానికి స్టూలు.

మావారు ఇదంతా చదివి, "ఎప్పుడైనా తాపీ పట్టుకున్నావా?" అన్నారు. నేను మేస్త్రీ కూతురిని. చిన్నప్పటి సెలవులన్నీ ఇసుక కుప్పల మీదే గడిచాయి. నాన్న అన్నయ్యకి పని నేర్పుతుంటే పక్కన కూర్చుని విన్నది నేను. అన్నయ్య ఆడిటరయ్యాడు.

మార్చి 4. సాయంత్రం 5.40
ఆఫీసుకి సెలవు. టైల్స్ కొట్లో నాలుగు గంటలు. నేలకి గరుకు బూడిద రంగు, గోడలకి లేత ఆకుపచ్చ, మధ్యలో ఒక వరస చేపల బొమ్మలు. చేపలు అవసరమా అని మావారు. అవసరమే. స్టూలు మీద కూర్చున్న మనిషికి ఎదురుగా చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండొద్దా?

మార్చి 5
ఉదయం 9.00: పాత టైల్స్ పగలగొట్టడం మొదలు. సుత్తి, ఉలి, తలకి తువ్వాలు.
9.10: మూడు ఊడాయి. ఈ లెక్కన సాయంత్రానికి ఖాళీ.
11.30: కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. మావారే నా తల దువ్వారు. ఆ తలతో ఆఫీసుకి వెళ్ళడం కష్టం. ఇంకో రెండు వారాలు సెలవు పెట్టాను.

స్నానాలకి పక్కింటి పిన్నిగారి ఇల్లు. చాలా మంచావిడ. బకెట్టు ఇచ్చేటప్పుడు ఒకసారి, తిరిగి తీసుకునేటప్పుడు ఒకసారి, "ఎంతదాకా వచ్చిందమ్మా?" అని అడుగుతారు.

మార్చి 8. సాయంత్రం 6.00
గడప పోయింది. హాలూ బాత్రూమూ ఇప్పుడు ఒకే మట్టం. కళ్ళు మూసుకుని అటూ ఇటూ నడిచాను. ఎక్కడా తగల్లేదు. నాన్న నడుస్తున్నట్టే అనిపించింది.

మార్చి 9. మధ్యాహ్నం 2.20
టైల్స్ పరవడం మొదలు. నాన్న పాత రసమట్టం బయటికి తీశాను. గాజు గొట్టంలో బుడగ కదిలే ఆ చెక్కబద్ద అంటే ఆయనకి ప్రాణం. "బుడగ నడిమికి రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది నా పని కాదు" అనేవాడు. మూడు గంటల్లో నాలుగు టైల్స్ వేశాను. నాలుగింటికీ బుడగ నడిమికే.

మార్చి 11
ఈ రోజు పని లేదు. కారణాలు:
వాన. (బాత్రూమ్‌లో వానేమిటని మావారు. తేమ ఉంటుంది.)
నడుము.
పిన్నిగారు తాళం వేసి కూతురింటికి వెళ్ళారు. స్నానం లేకుండా సిమెంటు ముట్టుకోవడం కుదరదు.
పన్నెండు రోజులంటే పని చేసిన రోజులని అర్థం. సంతకం పెట్టినప్పుడు ఈ సంగతి రాయడం మర్చిపోయాను.

మార్చి 12. సాయంత్రం 4.10
నేల పూర్తయింది. ముప్ఫై ఆరు చోట్ల రసమట్టం పెట్టి చూశాను. అన్ని చోట్లా బుడగ నడిమికే. మావారిని పిలిచి, నేల మధ్యలో గోలీ పెట్టి చూపించాను. కదల్లేదు. "అద్దంలా ఉంది" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా గురించి ఒక మంచి మాట.

మార్చి 13. ఉదయం 10.30
చేపల వరస నిన్న రాత్రే గోడకెక్కింది. ఈ రోజు స్టూలు వేసి, కడ్డీ బిగించాను. నేను వేలాడాను. మావారు వేలాడారు. ఇద్దరం కలిసి వేలాడాం. గట్టిదే.

మార్చి 14
ఉదయం 7.05: మొదటి స్నానం నాదే. ఒక మగ్గు, రెండు మగ్గులు, పది మగ్గులు పోసుకున్నాను. నీళ్ళు తూము వైపు వెళ్ళలేదు. కాసేపు ఎటూ వెళ్ళలేదు. తర్వాత, గడప లేదు కాబట్టి, హాల్లోకి వెళ్ళాయి.
7.20: మావారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని పేపరు చదువుతున్నారు. "నీళ్ళు వస్తున్నాయి" అన్నారు, చుట్టాలు వస్తున్నారన్నట్టు.
7.40: గోలీ ఎందుకు కదల్లేదో అర్థమైంది.
9.00: మేస్త్రీకి ఫోన్ చేశాను. ఒకరికి కాదు, ముగ్గురికి. ఇద్దరు తీరిక లేదన్నారు. మూడో ఆయన, "నేలకి వాలు ఎంత ఇచ్చారు?" అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను.
10.15: నాన్నని ఒక వారం ఆగి రమ్మందామని అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఆగడమా? రేపటిదాకా కూడా ఆగలేక ఇప్పుడే బయల్దేరాడు. స్నానం మా అమ్మాయింట్లో చేస్తానని పొద్దున్నే ఆయాని కూడా పంపించేశాడు" అన్నాడు.
మధ్యాహ్నం 1.30: నాన్న వాకరు పట్టుకుని తిన్నగా బాత్రూమ్ గుమ్మం దగ్గరికే వచ్చాడు. చేపల్ని చూశాడు. కడ్డీ లాగి చూశాడు. ఒక మగ్గు నీళ్ళు పొయ్యమన్నాడు. పోశాను. ఇద్దరం వాటిని చూస్తూ నిలబడ్డాం.

"బుడగ నడిమికే పెట్టాను నాన్నా" అన్నాను.

"అది గోడలకి, అరుగులకి చెప్పిన మాటమ్మాయ్. దీనికి తూము వైపు వాలు ఉండాలి. ఎన్ని చోట్ల పెట్టావేంటి?"

"ముప్ఫై ఆరు."

నవ్వడం మొదలుపెట్టాడు. మావారు కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

"నేలపని చెప్పేనాటికి నువ్వు రావడం మానేశావు. పెద్ద బడికి వెళ్ళిపోయావుగా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "టైల్స్ మధ్య సందులు మాత్రం దారం పట్టినట్టున్నాయి. ఏదీ, తువ్వాలు ఇటివ్వు."

"ఇందులోనా? నీళ్ళన్నీ..."

"నీళ్ళు నువ్వు చూసుకో."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గుమ్మం బయట నేనూ మావారూ పాత దుప్పట్లతో కూర్చున్నాం. మధ్యలో ఏదో దబ్బున పడింది. తలుపు మీద చెయ్యి వేశాను. "సబ్బు. రావద్దు" అని లోపల్నుంచి కేక. ఇరవై ఐదు నిమిషాలు. తలుపు కింద నుంచి సబ్బు వాసన నీళ్ళు వస్తూనే ఉన్నాయి. వాటిని పిండుతూ ఏడ్చాను. సంతోషంతోనే.

మార్చి 15. ఉదయం 8.20
ఈ రోజు నుంచి బాత్రూమ్ నేల పని మొదలు. చేసేది నేనే. నాన్న కుర్చీలో కూర్చుని చెబుతాడు. వాలు వేలి మందం. సగం సగంగా పగలగొట్టాలి, ఆయన స్నానం ఒక్క పూట కూడా ఆగకూడదు. పది రోజుల్లో ముగిస్తాను. సంతకం పెట్టాను.

8.50: సుత్తీ ఉలీ పట్టుకుని గుమ్మం ముందు కూర్చున్నాను. ఇంకా మొదలు కాలేదు. నాన్న లోపల ఉన్నాడు. పొద్దుట్నుంచి ఇది రెండో స్నానం.