నలుపు తెలుపు ఫోటోలు

యాప్రాల్, సికింద్రాబాద్
ఆదివారం సాయంత్రం

అన్నయ్యకి, చెల్లెలు నిర్మల వందనాలతో రాస్తున్నది.

దేవుని దయవల్ల నువ్వూ వదినా పిల్లలూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నావా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, దిగులు పెట్టుకోవద్దు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో నువ్వు "ఏమ్మా" అంటే చాలు, నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే నువ్వు "వచ్చెయ్యి" అంటావు, నేను "సరే" అనేస్తాను. అందుకే కాగితం తీసుకున్నాను.

మన ఊరి స్కూలు హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం నా కోసం ఆపించావు. వస్తానో రానో ఈ నెలాఖరులోగా చెప్పమన్నావు. ఆ జవాబు చెప్పేముందు ఈ మధ్య ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి. కాస్త ఓపికపట్టి చదువు.

పొద్దున పూట నా పని నీకు తెలిసిందే. పక్క వీధి చిన్నపిల్లల బడిలో ఫీజు రసీదులు రాయడం, తల్లులకు ఫోన్లు చేయడం, ఏడ్చే పిల్లని ఎత్తుకోవడం. బడి వదిలాక ఆఫీసు కంప్యూటర్ వాడుకోమని మేడమ్ దయతలిచారు. దాని మీదే నేను వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంటున్నాను. మొదట ఒక పెద్ద కోచింగ్ సెంటర్‌కి వెళ్లి అడిగాను. ఫీజు విని, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాను. అదే చదువు తెలుగులో వీడియోలుగా ఊరికే దొరుకుతుందని తర్వాత తెలిసింది. చేసిన పేజీని ఊరికే నెట్‌లో పెట్టుకునే చోట్లు కూడా ఉన్నాయి.

ఊరికే దొరికింది గానీ ఊరికే రాలేదు అన్నయ్యా. పేజీలో ప్రతి మాటకీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టాలి. వెనకది మరిచిపోతే అక్కడి నుంచి చివరిదాకా అన్నీ లావు అక్షరాలే. మొదట్లో నా పేజీలన్నీ కేకలేస్తున్నట్టు ఉండేవి. ఇంగ్లీషుకి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి చాలదు, మన వత్తులు వెళ్లి కింది వరుస నెత్తిన కూర్చుంటాయి. అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ ఖాళీ బడిలో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, ఈ వయసులో నాకిది అవసరమా అని చాలాసార్లు అనిపించింది. ఏడ్చాను కూడా.

మా ఇంటి ఓనరు యాదమ్మ మంచి మనిషి. వాళ్లాయన బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యాపారం చేస్తాడు. అమ్మగా మిగిలిన టమాటాలు నా గుమ్మంలో పెట్టి, "ఏం సదువమ్మా గిది, సారు లేడు, పరీక్ష లేదు. ఊకె గా ఫోన్ల జూస్తే కండ్లు ఖరాబైతయ్" అని తిట్టి వెళ్తుంది. తిండికి లోటు లేదు, నమ్ము.

మనింట్లో ఏ చెట్టు కాసినా, తొలి కాపు మందిరానికి ఇచ్చేదాకా అమ్మ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు కదా. నా మొదటి వెబ్‌సైట్ కూడా అలాగే ఇవ్వాలనుకున్నాను. తిరుమలగిరిలో నేను వెళ్లే సంఘానికి చేసిస్తానంటే పాస్టరుగారు సంతోషించారు. సంఘ కార్యదర్శి యోహాను మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు, సంఘపెద్దల పేర్లు రాసిచ్చి ఫోటోలు తెప్పించారు. ఒకటి పెళ్లిలో తీసింది, ఒకటి పాస్‌పోర్టుది, ఒకాయన నల్ల కళ్లద్దాలతో. ఏ రంగూ ఇంకోదానితో కలవలేదు. ఫోటోలు కలవనప్పుడు అన్నీ నలుపు తెలుపు చేస్తే హుందాగా ఉంటుందని వీడియోలో చెప్పారు. అలాగే చేశాను. చుట్టూ సన్నగా నల్ల అంచు పెట్టాను. ప్రతి ఫోటో కింద పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా సంఘపెద్దగా ఉన్నారో అది. శనివారం లింకు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి హాయిగా నిద్రపోయాను.

నువ్వు ఈపాటికి నుదురు కొట్టుకుని ఉంటావు. నాకు మాత్రం తట్టలేదు.

లింకు పంపితే గ్రూపులో మొదటి ఫోటో ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. ఆ మొదటి ఫోటో యోహాను మాస్టారిది. ఆయన భార్య రత్నమ్మగారు పోయిన వానాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆయన మనిషి సగమయ్యారని అందరూ అనుకుంటూనే ఉన్నారు. ఇంకేముంది, ఆయనా పోయారని నమ్మేశారు. తెల్లవారేసరికి కొందరు తెల్ల చామంతులు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు. ఒకామె "మొన్ననే గదా మాట్లాడిండు సారు" అని ఏడుస్తోందట. తలుపు తీసింది మాస్టారే, సగం గడ్డం గీసుకుని.

"నేనింకా ఉన్నానమ్మా. లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని" అన్నారట.

నాకు నవ్వు రాలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "అది తీసేయమ్మా. ఇంక ఆ పని మనకొద్దు" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అక్కడే నిలబడి తీసేశాను. ఇంటికొచ్చి నీకు 'వచ్చేస్తున్నాను' అని మెసేజ్ రాసుకున్నాను, పంపడమే తరువాయి. నా మొహం చూసి యాదమ్మ విషయమంతా రాబట్టింది.

"అయ్యిందేదో అయ్యింది. పరేషాన్ గాకు. ఊరికి పోతే పో గని, ముందుగాల గా సార్ను కలిసి పో" అంది.

మర్నాడు సాయంత్రం వెళ్లాను. మాస్టారు కుర్చీ వేసి, ఆ పేజీ మళ్లీ చూపించమన్నారు. నా ఫోన్లో ఉన్న కాపీ చూపించాను. కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు.

"బాగానే చేశావమ్మాయ్. పోయాక ఎలా ఉంటానో ముందే చూసుకున్నాను" అన్నారు. తర్వాత పేజీ కిందికీ పైకీ జరిపి, "రత్నం ఏదీ?" అన్నారు.

"ఇవి సంఘపెద్దల ఫోటోలండి. మీరిచ్చిన పేర్లే పెట్టాను."

"అవును, నేనే ఇచ్చాను" అని కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ సండే స్కూలు నడిపింది. ఈ పెద్దల్లో సగంమందికి పాటలు నేర్పింది తనే. ఇంతమంది పేర్లు నా చేత్తో రాసిచ్చాను కదా, తన పేరు గుర్తు రాలేదు చూడు."

అంత పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు అన్నయ్యా. నాకు మా ఆయన గుర్తొచ్చారు, నేనూ ఏడ్చాను. తర్వాత ఆయన బీరువాలోంచి ఒక ఫోటో తెచ్చారు. నారింజ రంగు చీరలో రత్నమ్మగారు, చేతిలో గొడుగు, ఎండకి ఒక కన్ను మూసి నవ్వుతున్నారు.

"దీనికి మాత్రం రంగు తియ్యకు" అన్నారు.

ఆ వారమంతా కూర్చుని పేజీ మళ్లీ చేశాను. అందరి ఫోటోలకూ రంగులు ఉంచేశాను, కలిస్తే కలిశాయి, లేకపోతే లేదు. రత్నమ్మగారికి ఒక పేజీ. సండే స్కూలు టీచర్లకి, పాటల బృందానికి, మందిరం ఊడ్చే ఇద్దరు ఆడవాళ్లకి ఇంకో పేజీ. పాస్టరుగారితో మాస్టారే మాట్లాడి ఒప్పించారు. నిన్న మళ్లీ పెట్టాం. ఇవాళ ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా ఫోన్ల మీద తలలు వంచి ఒకరి ఫోటో ఒకరికి చూపించుకుంటున్నారు. టైలరింగ్ చేసే ఒకామె "గిది ఎవలు జేసిండ్రు?" అని అడిగింది.

"మన నిర్మల చేసింది" అన్నారు మాస్టారు.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మా దుకాణానికి సుత జేస్తవా? ఊకె వద్దులే, పైసలిస్తా" అంది. చేస్తానని మాటిచ్చాను.

ఇప్పుడు అసలు మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి మన ఊళ్లో నన్ను ఎవరూ 'ఏం చేస్తున్నావ్' అని అడగలేదు. 'పాపం' అన్నారు. నేను గదిలోకి వస్తే మాటలు ఆపేశారు. నా రంగు చీరలు కనబడితే నాకు బాధ కలుగుతుందని వదిన వాటిని పెట్టెలో సర్దేసింది. నువ్వు గేటు లోపల భద్రంగా ఉండే ఉద్యోగం చూశావు. ఎవరూ నన్ను తక్కువ చేయలేదు, అంతా ప్రేమే. మాస్టారి ఫోటోకి నల్ల అంచు నేనూ ప్రేమతోనే పెట్టాను.

హాస్టల్ ఉద్యోగానికి నేను రాను. ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పెయ్యి. నీ మాట పోతుందని తెలుసు, క్షమించు. ఇక్కడ నీళ్లకి ట్యాంకరు కోసం నిలబడాలి, ఒంటరితనం ఉంది, సగం రోజులు నేను చేసిన పేజీ నాకే అర్థం కాదు. అయినా ఉంటాను. ఈస్టరుకి వచ్చి అందరినీ చూసి వెళ్తాను.

పెదనాన్నగారికి, అత్తయ్యకి నా వందనాలు. పిల్లలకి ముద్దులు. కుటుంబ ప్రార్థనలో నన్ను తలుచుకోండి. ఇటు వచ్చేవాళ్లతో ఎండు చేపలు పంపుతానన్నావు. చేపలు వద్దు, యాదమ్మకి ఆ వాసన పడదు. వదినతో చెప్పి నా చీరల పెట్టె పంపించు. కట్టుకుంటాను.

నీ ఆశీర్వాదం కోరుకునే చెల్లెలు,
నిర్మల