పేరు లేని సర్వే కాగితం

సూర్యాపేట కాలేజీ సారుకు దండాలు. నా రాత కోడి కెలికినట్టుంటది, తప్పులుంటే ఏమనుకోకండి. చదివింది మూడో తరగతే.

మీ దగ్గర బి.ఏ. సోషియాలజీ చదివే సైదులు నా మనవడు. మా ఊరి చాయ్ హోటల్లో మా వాడోళ్లకు వేరే గ్లాసులు పెడతారు. మీరిచ్చిన సర్వే కాగితంలో వాడు అదే రాశాడు. ఆ సంగతి ఎట్లనో తెలిసి, ఆదివారం మా ఊరి దొర మనుషులు వాణ్ణి హోటల్ ముందే పట్టుకున్నారు.

"పెద్ద సదువు సదివి మా గ్లాసులు లెక్కపెడ్తవురా? ఎవడు చెప్పిండు నీకు?"

"పేరు చెప్పొద్దన్నడు మా సారు," అన్నాడు వాడు.

వాడి కుడిచెయ్యి బల్ల మీద పెట్టి రాయితో కొట్టారు. ఒక్కో వేలు విరగ్గొడుతూ మళ్లీ అడిగారు. మూడు వేళ్లు పోయినా వాడు చెప్పలేదు. నేను గోడ పక్కనే నిలబడి చూశాను. భయంతో అడ్డం పోలేదు.

సారూ, ఆ గ్లాసుల సంగతి సర్వే కోసం వాడికి చెప్పింది నేనే. "నీ పేరు రాయను తాతా, బుగులు పడకు" అని వాడు ముందే మాటిచ్చాడు.

సాక్షి లేడని పోలీసులు కేసు రాస్తలేరు. మీ దగ్గరున్న ఆ కాగితం మీద నా పేరు రాయండి. మీరు తోడుంటే ఠాణాకు వచ్చి చూసిందంతా చెప్తాను. వాడికి తెలియనీయకండి, ఒప్పుకోడు.

ఏ రోజు రావాలో జల్దీ జాబు రాయండి సారూ, నాకు మళ్లీ భయం పుట్టకముందే.

ఇట్లు,
సైదులు తాత