కోదండయ్య కోడలి బండి

పలమనేరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు తమ్ముడు ప్రకాశం వందనాలు. దేవుని దయవల్ల నేను ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. బావకు దగ్గు తగ్గిందా? పోయిన జాబులో ఆ సంగతి రాయలేదు. రాయలేదు కాబట్టి తగ్గిందనుకోవాలా, దాస్తున్నావనుకోవాలా? ఈసారి తప్పకుండా రాయి. నేను చెప్పాల్సింది కొంచెం ఎక్కువగా ఉంది. ఇన్‌ల్యాండు కవరు చాలదని తెల్లకాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. తిండికి లోటు లేదు. ఇక్కడ మధ్యాహ్నం పూట రాగిసంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి. మొదట్లో సంగటి గొంతు దిగేది కాదు. ఇప్పుడు అన్నం తిన్న రోజున కడుపు నిండినట్టు ఉండడం లేదు. చలి మాత్రం నాయుడుపేటలో పుట్టినవాడికి కొత్తే. పొద్దున పూట షెడ్డులో స్పానరు పట్టుకుంటే చేతికి మంచు తగిలినట్టు ఉంటుంది. నా నీలం స్వెట్టరు ట్రంకుపెట్టె అడుగున ఉండాలి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. దాంతోపాటు కాసిని ఎండుచేపలు. ఇక్కడ అంగట్లో దొరికేవి సముద్రాన్ని వదిలి చాలా కాలమైనట్టు ఉన్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక సాయంత్రం దాకా కొంచెం తోచదు. మిగతా రోజులు పనిలో తెలియకుండా పోతాయి.

నేను చేసే పని ఏమిటో సరిగ్గా అర్థం కాలేదని బావ అడిగాడట. చెబుతాను. విదేశంలో మన సంఘం వాళ్ళు అక్కడి ఆసుపత్రుల్లో వాడిన చక్రాల కుర్చీలు పోగుచేసి ఓడలో మద్రాసుకు పంపుతారు. అక్కడినుంచి లారీలో మా మిషన్‌కు వస్తాయి. పెట్టెలు విప్పి వాటిని బిగించడం నా పని. ముందు చక్రాలు చిన్నవి, నున్నటి గచ్చు మీద తిరగడానికి చేసినవి. మన ఇసుకలో పూడుకుపోతాయి. అందుకని వాటిని తీసేసి పెద్దవి వేస్తాను. తర్వాత మిషన్ వ్యానులో నడవలేనివాళ్ళ ఇంటికి తీసుకుపోయి, మనిషిని కూర్చోబెట్టి, ఎత్తూ వెడల్పూ సరిచేసి ఇచ్చి వస్తాము. నెల తర్వాత మళ్ళీ పోయి చూస్తాము. వాడకుండా పెట్టుకుంటే వెనక్కి తెచ్చి, ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఇస్తాము. ఈ నియమం మా పాస్టరు అయ్యగారు పెట్టింది. మొదట కఠినంగా అనిపించింది. ఒక ఇంట్లో కుర్చీ మీద చింతపండు బస్తా చూసిన తర్వాత అలా అనిపించలేదు.

ఇక అసలు సంగతి. గంగవరం దారిలో ఒక పల్లె ఉంది. అక్కడ కోదండయ్య అనే రైతు పట్టుపురుగులు పెంచుతాడు. భార్య పోయింది. కొడుకు వెంకటేశు తెల్లవారుజామునే సైకిలు మీద పాలక్యాన్లు వేసుకుని పాలకేంద్రానికి పోయి మధ్యాహ్నానికి వస్తాడు. కోడలు నాగమ్మ. ఎద్దులబండి తిరగబడినప్పుడు నాగమ్మ నడుముకు దెబ్బ తగిలి కాళ్ళు పడిపోయాయి. అప్పటినుంచి గోనెపట్టా మీద కూర్చుని చేతులతో జరుగుతూ ఇంటిపని చేసుకుంటోంది. ఆమెకు కుర్చీ కావాలని మిషన్‌కు తిరిగింది మొగుడు కాదు, మామ. అదీ నడిచి.

కుర్చీ ఇచ్చిన రోజు వీధివీధంతా వచ్చింది. వెంకటేశు ఎత్తి కూర్చోబెట్టాడు. నేను పాదాల పలకలు సరిచేస్తున్నాను. పక్కింటి మునెమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుని, "సూస్తిరా మే! మామ నిలబడుకోనుంటే కోడలు మారాణి మాదిరి కుర్చీలో!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాగమ్మ కాసేపటికే దించమంది. అలసిపోయిందేమో అనుకుని వచ్చేశాము.

నెల తర్వాత పోతే కుర్చీ గది మూలన ఉంది. మీద ఉతికిన దుప్పటి కప్పి ఉంది. రోజూ తుడుస్తున్నట్టున్నారు, చక్రం మీద దుమ్ము లేదు. మన్నూ లేదు. నాగమ్మ నేల మీద కూర్చుని మల్బరీ ఆకు తరుగుతోంది. ఏమ్మా, కుర్చీ సరిపోలేదా అని అడిగాను.

"సరిపోకేం అన్నా, బాగుండాది. మామ ముందర కుర్చీలో యాడ కూసునేది? ఇంటికి పెద్దాయన."

అక్కా, నీకు ఇది చెప్పనక్కరలేదు. మీ అత్తగారింట్లో నువ్వు ఎన్నేళ్ళు పీట కూడా వేసుకోలేదో నాకు తెలుసు. కొలతలన్నీ తీసుకున్న మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

కోదండయ్య అరుగు మీదనుంచే అందుకున్నాడు. "నేను సెప్పీ సెప్పీ అలిసిపోయినా ప్రకాశప్పా. నేను ఇంట్లో ల్యాకుంటే అయినా కూసుంటాదని పొద్దున్నే తోటకాడికి పొయ్యి ఊరికే కూసోని వస్తావుండా. నా సెప్పుల సప్పుడు యినబడితే సాలు, కిందికి జారేస్తాది. మళ్ళా ఎక్కించాలంటే, పొద్దున ఎక్కించి పోయిన మావాడే రావాల."

"నువ్వు ఎప్పుడొస్తావో ఎవురికి తెలుసు మామా?" అంది నాగమ్మ.

నేను నియమం చెప్పాను. చెప్పక తప్పదు. నాగమ్మ, "తీసకపోన్నా. ఇంగెవురికన్నా పనికొస్తాది," అంది. చేతిలో కత్తి ఆపి పెరట్లో పురుగుల కొట్టం వైపు చూసింది. "ఆ మద్దె తట్టలు అందుతాయని ఆశ పడినా. అంతే."

ఆ ఇంటికి ఏడాది గడవాలంటే ఆ కొట్టమే ఆధారం. వెదురు స్టాండులో తట్టలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పురుగులకు వేళకు ఆకు వెయ్యాలి, కింద చెత్త తియ్యాలి. ఆ పనంతా ఒకప్పుడు నాగమ్మదే. ఇప్పుడు నేలమీది తట్ట తప్ప ఆమెకు ఏదీ అందదు. పోయిన పంటలో పై తట్టల పురుగులు చాలా భాగం జబ్బుచేసి చచ్చాయి. కోదండయ్యకు చూపు సరిగా ఆనక, ఏది జబ్బు పురుగో ఏది మంచిదో తెలియలేదట.

నేను కుర్చీ మడవడానికి లేచాను. అప్పుడే మునెమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "తీసకపోతా ఉండారా? పోనీ. నలుగురూ నగతా ఉండారు," అంది.

కోదండయ్య అరుగు దిగాడు. "ఎవురు మే నగేది? నువ్వు సంతకు పొయ్యేటప్పుడు బండ్లో కూసుంటివా, ల్యాదా?"

"కూసుంటి."

"తోలిందెవురు?"

"మా మామ."

"ఆయప్ప నడస్తా తోల్తా ఉంటే నువ్వు పైన కాళ్ళు సాపుకోని కూసుంటివి. అప్పుడు యాడ పోయ నీ మర్యాద?"

"అది బండి గదా మామా!"

"ఇది మాత్రం ఏంది? సక్రాలు ల్యావా?"

మునెమ్మ తగ్గలేదు. "బండయితే పూజ యాడ సేస్తివి? కొత్త బండికి టెంకాయ కొట్టకుండా ఎవురన్నా ఎక్కుతారా?"

ఎగతాళికి అన్న మాట అది. కోదండయ్య దాన్ని ఎగతాళిగా తీసుకోలేదు. నా వైపు తిరిగి, "శుక్రారం దాకా ఉంచప్పా. పూజ సేస్తాను. అప్పుటికీ ఎక్కకుంటే నువ్వే తీసకపో," అన్నాడు. నాగమ్మ తల వంచుకుని మళ్ళీ ఆకు తరగసాగింది.

మిషన్‌కు వచ్చి అయ్యగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సంఘం పంపిన కుర్చీకి పసుపు, కుంకుమ, టెంకాయ అంటే ఆయన ఏమంటారో అని నాకు సందేహంగానే ఉంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. "నువ్వు పోయి బోల్టులు చూసుకో ప్రకాశం. టెంకాయ సంగతి వాళ్ళు చూసుకుంటారు," అన్నారు.

శుక్రవారం పొద్దున పోయాను. కుర్చీ వాకిట్లో ఉంది. చక్రాలకు పసుపు పూసి బొట్లు పెట్టారు. చేతులు ఆనించే కమ్మీకి వేపమండ కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు. వెంకటేశు ఆ పూట పాలు ఇంకొకరితో పంపి ఇంట్లోనే ఉన్నాడు. కోదండయ్య టెంకాయ కొట్టాడు. వెంకటేశు భార్యను ఎత్తి కూర్చోబెట్టి తోశాడు. నిమ్మకాయలు చితికాయి. మునెమ్మ అందరికంటే ముందు నిలబడి చూసింది. "ఓరం, ఓరం! బండి వస్తా ఉండాది!" అని పిల్లకాయలను పక్కకు తోసింది కూడా ఆమే.

కొట్టం తలుపు ఇరుకు. తడిక గోడే కాబట్టి ఒక పక్క విప్పేశాము. నాగమ్మ లోపలికి పోయి మధ్య తట్ట ముందుకు లాక్కుంది. నిదానంగా ఒక్కొక్క పురుగునూ చూస్తూ, నీరసంగా ఉన్నవాటిని ఏరి పక్కన పెట్టసాగింది. నేను వెనక చక్రం బిగువు చూస్తున్నాను. అప్పుడు బయట చెప్పుల చప్పుడయింది. కోదండయ్య ఆకు గంపతో వచ్చాడు.

నాగమ్మ రెండు చేతులూ కమ్మీల మీద వేసింది. దిగబోతోందని నాకు అర్థమైంది. చక్రం జారకుండా గట్టిగా పట్టుకున్నాను. దిగవద్దని చెప్పాల్సింది నేను కాదు.

కోదండయ్య గుమ్మంలోనే ఆగాడు. "ఏం అమ్మణ్ణీ, పొలం మద్దెలో బండి దిగితే పని ఎవురు సేస్తారు? ఇంద, ఆకు పట్టు," అంటూ లోపలికి వచ్చి గంప ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె చేతులు కమ్మీల మీదే కాసేపు ఉన్నాయి. తర్వాత గంపలోకి పోయాయి. మధ్య వరసల్లో ఆకు తనే వేసింది. అన్నింటికంటే పైనున్న తట్ట మాత్రం అందలేదు. దాన్ని కోదండయ్య దించి ఆమె ముందు పెట్టాడు.

ఇంతే అక్కా సంగతి. పెద్దమ్మకు, చిన్నాన్నకు నా వందనాలు చెప్పు. పిల్లలను నేను అడిగానని చెప్పు. బావ దగ్గు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోనంటే నా పేరు చెప్పి పంపించు. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు నన్ను తలుచుకో, నాతోపాటు ఈ పంటకు నాగమ్మ పట్టుగూళ్ళను కూడా. మీ అందరి దీవెన ఉంటే చాలు, ఇక్కడ నాకు కొరతేమీ లేదు.

నీ చేతి అన్నం తిని పెరిగిన తమ్ముడు,
ప్రకాశం